మాన్యం లేని ఊరు
(దేవుడి కొలువులో – 6)

తెలుగునాట పాత ఊరు ఏది తీసుకున్నా చెరువు కిందో గుడి వెనకో ‘అర్చక మాన్యం’ అని పిలిచే చెక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఇప్పుడు ఎవరు దున్నుతున్నా, పట్టా ఎవరి పేర ఉన్నా, పిలుపు మాత్రం పోలేదు. దేవుడికి దీపం పెట్టే మనిషి ఏం తిని బతకాలని ఎవరైనా అడిగితే ఆ ఊరు వేలు పెట్టి పొలం చూపించేది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయికి చూపించడానికి అలాంటి పొలం లేదు.

భిలాయి ఉక్కు కోసం పుట్టిన ఊరు. 1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తీయాలన్నది తొలి లక్ష్యం. దుర్గ్ పక్కన వరి పండే పల్లెల నేల సేకరించి కర్మాగారం, దాని పక్కనే టౌన్‌షిప్ కట్టారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. వీధులకు గ్రామదేవతల పేర్లు, తాతల పేర్లు లేవు. సెక్టర్ 1, సెక్టర్ 2 అంటూ అంకెలే. క్వార్టర్లు, బడులు, ఆస్పత్రి, నీళ్లు, కరెంటు అన్నీ కంపెనీ లెక్కలోవే. సిబ్బంది పట్టీలో ఫిట్టరు, వెల్డరు, క్రేను ఆపరేటరు, నర్సు, టీచరు ఉన్నారు. పూజారి లేడు. ప్రభుత్వ రంగ సంస్థలో ఆ కొలువుకు చోటు ఉండదు కూడా.

మనుషులు మాత్రం దేవుళ్లను వెంటబెట్టుకునే వచ్చారు. తెలుగువాళ్లకు ఆ దారి కొత్త కాదు. రాయపూర్–విజయనగరం రైలు మార్గం 1931లోనే పూర్తయింది. ఉత్తరాంధ్ర మనిషికి భిలాయి పక్కనున్న రాయపూర్ అంటే రైలెక్కి దిగే దూరం. కర్మాగారంలో పని దొరికి, క్వార్టరు దొరికి, పెళ్లాం బిడ్డలు వచ్చి చేరాక ఒక్కో సమాజం తన గుడి తాను కట్టుకుంది. ఒడియావాళ్లు సెక్టర్ 4లో జగన్నాథుణ్ణి నిలుపుకున్నారు. మలయాళీలకు సెక్టర్ 2లో అయ్యప్ప, బెంగాలీలకు సెక్టర్ 6లో కాళీబాడీ. ఆ సెక్టర్ 6లోనే జామా మసీదు, గురుద్వారా కూడా ఉన్నాయి. తెలుగువాళ్ల బాలాజీ మందిరం సెక్టర్ 5లో ఉంది. దాన్ని నడిపే సంస్థ పేరు ఆంధ్ర సాహిత్య సమితి. పరాయి నేల మీద భాషను, దేవుణ్ణి ఒకే రశీదు పుస్తకంతో కాపాడుకోవలసి వచ్చిన తరం పెట్టుకున్న పేరది. సాహిత్య సమితి గుడి నడపడం ఏమిటని ప్రవాసంలో ఉన్న తెలుగువాడెవడూ అడగడు.

గుడి కట్టడం ఒక విడత ఖర్చు. అందరూ ఉత్సాహంగా చందాలు వేస్తారు. పూజారిని పోషించడం అలా కాదు, అది రోజూ ఉండే ఖర్చు. రోజూ పొద్దున్నే సుప్రభాతం చదివి, అభిషేకం చేసి, మహానైవేద్యం పెట్టే మనిషికి ఇల్లెవరిస్తారు? బియ్యమెవరిస్తారు? పాత ఊళ్లలో ఈ లెక్క ఎలా తెగిందో చూస్తేనే భిలాయిలో అది ఎంత కొత్త చిక్కో తెలుస్తుంది.

పల్లెలో పురోహితుడు పన్నిద్దరాయగాండ్రలో ఒకడు. రెడ్డి, కరణం, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, నీరటి వరసలోనే పంచాంగం చెప్పే బ్రాహ్మడికీ కళ్లంలో మేర ఉండేది. పంట నూర్చి రాశి పోశాక, గింజ ఇంటికి పోకముందే ఎవరి వంతు వాళ్లకు కొలిచేవారు. ఏరువాకకు ముహూర్తం పెట్టినందుకు, పిల్లకు పేరు పెట్టినందుకు, వాన ఎప్పుడొస్తుందో చెప్పినందుకు పురోహితుడికి ముట్టేది ఆ గింజే. వాన చెప్పినట్టు రాకపోతే మేర ఆపేసేవారు కాదు, ఎందుకంటే అది ఆ ఏటి పనికి కట్టిన కూలి కాదు. ఊళ్లో అతనికున్న చోటుకు గుర్తు. చాకలికీ కమ్మరికీ కూడా అంతే. పైగా వానలు లేని ఏడు రైతు రాశి చిన్నదైతే పురోహితుడి మేర కూడా చిన్నదే అయ్యేది. కరువులో ఊరితో పాటు అతనూ పస్తుండేవాడు.

గుడి అర్చకుడి లెక్క వేరు. అతనికి మాన్యం ఉండేది. రాజో, నాయంకరుడో, వర్తక సంఘమో దేవుడికి భూమి రాసిచ్చి, అందులో ఇంత దీపానికి, ఇంత నైవేద్యానికి, ఇంత అర్చకుడి వృత్తికి అని శాసనం చెక్కించేది. ఇలాంటి శాసనాల్లో అన్నిటికన్నా వివరమైన వాటిలో ఒకటి ఇప్పటి అమరావతి ప్రాంతంలోని మల్కాపురంలో ఉంది. కాలం 1261. కాకతి గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం ఊరిని ఇవ్వాలనుకున్నాడు. రుద్రమదేవి దానితో పాటు వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. ఆచార్యుడు ఆ ఆదాయాన్ని మూడు పాళ్లు చేశాడు. ఒక పాలు శివుడికి, ఒక పాలు మఠానికీ విద్యార్థులకూ. మూడో పాలు ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి. వేదాలు చెప్పడానికి ముగ్గురు, వ్యాకరణ తర్క సాహిత్య ఆగమాది శాస్త్రాలకు ఐదుగురు, వైద్యుడు, కాయస్థుడు, నర్తకులు, మద్దెలవాళ్లు, గాయనులు, వంటవాళ్లు, కమ్మరి, వడ్రంగి, శిల్పి, కుమ్మరి... అందరికీ వృత్తులు ఏర్పాటు చేశాడు. చదువుతుంటే ఉద్యోగుల జాబితా చదువుతున్నట్టే ఉంటుంది. ఒకే గుడి నీడలో బడి, ఆస్పత్రి, కాన్పుల ఇల్లు, భోజనశాల. ఏడు వందల ఏళ్ల తరవాత భిలాయి టౌన్‌షిప్‌లో కంపెనీ ఇచ్చిన సౌకర్యాలు దాదాపు ఇవే. అక్కడ దేవుడి పేర నడిచింది ఇక్కడ ఉక్కు పేర నడిచింది.

ఆ శాసనంలో భిలాయి చరిత్రకు తగిలే మరో ముడి ఉంది. విశ్వేశ్వర శివాచార్యుడిది గోళకీ మఠం. దాని మూలం తెలుగునాట లేదు. గంగకూ నర్మదకూ నడుమనున్న డాహల మండలంలో, అంటే ఇప్పటి జబల్‌పూర్ దిక్కున ఉంది. కలచురి రాజు యువరాజదేవుడు సద్భావశంభువు అనే శైవాచార్యుడికి మూడు లక్షల గ్రామాలు భిక్షగా ఇచ్చాడని మల్కాపురం శాసనం చెబుతుంది. ప్రశస్తుల్లో అంకెలు ఉబ్బే మాట నిజమే. అయినా ఆ మాట నిలిచిందంటే దానం ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. ఆ కలచురుల్లో ఒక శాఖే తరవాత రత్నపూర్ నుంచి ఛత్తీస్‌గఢ్‌ను ఏలింది. అంటే పదమూడో శతాబ్దంలో మధ్య భారతం నుంచి తెలుగు నేలకు గురువులు దిగివచ్చి ఊళ్లకు ఊళ్లే వృత్తిగా పొందారు. ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు అర్చకులు అదే దారిన ఎదురెక్కి వెళ్లి, సెంటు మాన్యం లేని చోట పూజకు కుదిరారు.

ఇంత భూమి చూసి పూజారికి సమాజంలో ఎప్పుడూ పెద్దపీటే అనుకుంటే పొరపాటు. జీతం తీసుకుని గుళ్లో పూజ చేసేవాణ్ణి ధర్మశాస్త్రాలు ‘దేవలకుడు’ అన్నాయి. శ్రాద్ధానికి పిలవకూడని వాళ్ల జాబితాలో మనుస్మృతి అతణ్ణి చేర్చింది. వేదం చదివి, దానం పట్టక, పిలిచినా పరాన్నానికి వెళ్లని వైదికుడు తన్ను తాను అర్చకుడికన్నా మెట్టు పైన ఉంచుకునేవాడు. అర్చకుల్లో కూడా అందరూ బ్రాహ్మలు కారు. శివాలయాల్లో తమ్మళ్లు, వీరశైవుల ఇళ్లలో జంగాలు, వైష్ణవంలో సాతానులు తరతరాలుగా పూజలు, పెళ్లిళ్లు, చావు కర్మలు నడిపారు. వాళ్లలో కొందరికి మాన్యాలు దక్కాయి. ఎక్కువమందికి దక్కింది ఇంటింటి భిక్ష, పండగ నాటి స్వయంపాకం. పోలేరమ్మ, ఎల్లమ్మ గుళ్లలో కుమ్మరో చాకలో పూజారి అయ్యేవాడు. జాతరనాడు అతనికి వచ్చే వంతు ఊరి కట్టుబాటులో ఉండేది. ఈ పూజారుల పేర్లు శిలల మీద అంతగా కనబడవు. అందుకే వాళ్ల చరిత్ర రాయడం కష్టం, రాయకపోవడం అన్యాయం.

ఈస్టిండియా కంపెనీ పాలనతో ఈ లెక్కలన్నీ కాగితం మీదికి ఎక్కాయి. 1817లో మద్రాసు ప్రభుత్వం ఏడో నంబరు రెగ్యులేషన్‌తో గుళ్ల ఆస్తులను తన పర్యవేక్షణలోకి తెచ్చుకుంది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు డబ్బు లెక్కలు చూడడమేమిటని మిషనరీలు ఇంగ్లండు దాకా గోల చేశారు. చివరికి 1863 చట్టంతో ప్రభుత్వం చేతులు దులుపుకుంది. ఈ మధ్యలో, 1858లో, ఇనాం కమిషన్ వచ్చింది. ఎవరి మాన్యం ఎంత, ఎవరిచ్చారు, ఏ సేవకిచ్చారు అని ఊరూరా విచారించి పట్టాలు ఇచ్చింది. సొంత ఇనాంలకు కట్టుబడి శిస్తు వేసి పూర్తి హక్కు ఇచ్చారు. దేవాలయ సేవ ఇనాంలను మాత్రం సేవ జరుగుతున్నంత కాలమే అన్న షరతుతో ఉంచారు. కోర్టుల్లో అర్చకుల వారసులు ఈనాటికీ వాదించుకునే కాగితం ఆ రోజుల్లో రాసినదే.

ఫ్రాన్సులో ఇదే లెక్క ఇంకో దారిన నడిచింది. విప్లవ ప్రభుత్వం చర్చి భూములు జప్తు చేసి, 1790లో మతాచార్యులందర్నీ జీతగాళ్లను చేసి, రాజ్యానికి విధేయంగా ఉంటామని ప్రమాణం చెయ్యమంది. సగం మంది దాకా ఒప్పుకోలేదు. 1905లో ఫ్రాన్సు ఆ జీతాలు ఆపేసింది. అప్పటికి జర్మనీ చేతిలో ఉన్న అల్సాస్, మోజెల్ ప్రాంతాల్లో మాత్రం పాత ఏర్పాటు నిలిచిపోయి, అక్కడి పాస్టర్లకు, ప్రీస్టులకు, రబ్బీలకు ఇప్పటికీ ప్రభుత్వమే జీతమిస్తోంది.

స్వతంత్రం వచ్చాక తెలుగునాట భూమి కిందా మీదా అయింది. 1948లో ఎస్టేట్ల రద్దు, 1955లో హైదరాబాద్ ఇనాంల రద్దు, 1956లో ఆంధ్ర ప్రాంత ఇనాంల రద్దు. దున్నేవాడికి భూమి దక్కాలన్నది న్యాయమైన కోరిక. అందులో అనుమానం లేదు. అయితే మాన్యం మీద బతికిన చిన్న గుడి అర్చకుడికి ఆ న్యాయం ఎదురుదెబ్బగా తగిలింది. కౌలు రాదు, అడిగే బలం లేదు, వ్యాజ్యం నడిపే డబ్బు లేదు. ఈ దశలోనే చాలామంది అర్చకుల కొడుకులు పట్నం దారి పట్టారు. కొందరు టైపు నేర్చుకున్నారు, కొందరు టీచర్లయ్యారు. కొందరు ప్రవాస సమితులు పిలిచిన చోటికల్లా వెళ్లి అక్కడ పూజకు కుదిరారు. భిలాయి లాంటి చోట్ల తెలుగు గుళ్లు లేచింది కూడా ఈ కాలంలోనే. ఈ రెండూ ఒకే కథలో రెండు ముక్కలు.

పెద్ద గుళ్లలో మరో పోరాటం సాగింది. తిరుమలలో పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అనే నాలుగు కుటుంబాల వాళ్లు వంతులవారీగా అర్చక మిరాసీ అనుభవించేవారు. ప్రసాదాలు వండే గమేకార్లకూ మిరాసీ ఉండేది. వండినదాంట్లో ఇన్ని లడ్లు, ఇన్ని వడలు వాళ్ల వంతు. అది వాళ్లకు జీతం, ఆస్తి, వారసత్వం మూడూను. ఎన్.టి. రామారావు ప్రభుత్వం జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ నివేదిక ఆధారంగా 1987లో 30వ నంబరు దేవాదాయ చట్టం తెచ్చింది. ఆ చట్టం 34వ సెక్షన్ అర్చకుల వారసత్వ హక్కును తీసేసింది. 144వ సెక్షన్ హుండీలో, పళ్లెంలో, ప్రసాదంలో ఉన్న వాటాలను రద్దు చేసింది. అర్చకుడు ఉద్యోగి అయ్యాడు.

ఈ మార్పును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది తిరుమల అర్చకులే. ఎ.ఎస్. నారాయణ దీక్షితులు కేసులో 1996 మార్చిలో తీర్పు వచ్చింది. పూజ ఎలా చెయ్యాలన్నది మతం, పూజ చేసేవాణ్ణి ఎలా నియమించాలన్నది లౌకిక వ్యవహారం అని కోర్టు గీత గీసింది. తమిళనాడు విషయంలో 1972లో శేషమ్మాళ్ కేసులో గీసిన గీతే ఇది. వారసత్వం పోయింది. చట్టం ఉద్దేశం మంచిదే: కొన్ని కుటుంబాల చేతిలో కోట్లు, మిగతా గుళ్లలో ఆకలి అన్న తేడా పోవాలి. కాని పోయిన వాటా వెంటనే కనబడింది, రావలసిన జీతం వెంటనే కనబడలేదు. తిరుమల, శ్రీశైలం, సింహాచలం లాంటి చోట్ల జీతం స్థిరపడింది. హుండీలో నెలకు వెయ్యి రూపాయలు కూడా పడని పల్లె గుడిలో ఉద్యోగి అన్న పేరు మిగిలింది, జీతం ఇచ్చే చెయ్యి లేదు. చిలుకూరు బాలాజీ గుడి అర్చకులు ఎం.వి. సౌందరరాజన్ ఏళ్ల తరబడి ఈ విషయం మీదే పోరాడారు. చిలుకూరులో హుండీయే లేదన్న సంగతి అందరికీ తెలిసిందే. చివరికి 2007లో చట్టాన్ని సవరించి పాత అర్చక కుటుంబాలకు కొంత చోటు తిరిగి ఇచ్చారు. ఆదాయం లేని గుళ్లకు ‘ధూపదీప నైవేద్య పథకం’ మొదలైందీ ఆ ఏడే. అప్పట్లో ఒక్కో గుడికి నెలకు ఇచ్చింది రెండున్నర వేల రూపాయలు. అందులోనే నూనె, వత్తి, బెల్లం, అర్చకుడి బతుకు. ఆ మొత్తాన్ని తెలంగాణ 2023లో, ఆంధ్రప్రదేశ్ 2024లో పదివేలకు పెంచాయి.

ఆ పదివేలు భిలాయికి రావు. పథకం రెండు రాష్ట్రాల సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది.

భిలాయి నేల మీద మాత్రం పూజారి కొత్తవాడు కాదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో గ్రామదేవతల పూజ చేసేవాణ్ణి బైగా అంటారు. మంగలి, చాకలి, కమ్మరి, గొల్ల లాంటి సేవక కులాలకు పంటలో గింజ ఇచ్చే ఏర్పాటును అక్కడ ‘పౌనీ పసారీ’ అంటారు. మన ఆయగాండ్ర పద్ధతికి అది సొంత చెల్లెలు. బైగాకూ ఇంటింటి నుంచి గింజ ముట్టేది. ఇదే గడ్డ మీద బ్రాహ్మణ పురోహితుణ్ణే వద్దనుకున్న పెద్ద ఉద్యమం కూడా పుట్టింది. గురు ఘాసీదాస్ పద్దెనిమిదో శతాబ్దంలో గిరౌద్‌పురిలో పుట్టి, విగ్రహాలు వద్దు, సత్‌నామ్ చాలు అని బోధించాడు. అంటరానివాళ్లని ఊరు వెలివేసిన కులం సత్నామీ పంథ్‌గా లేచి నిలబడింది. బ్రాహ్మణుడికి దక్షిణ ఆగింది. అయితే గురువుల వంశం ఊరూరా తిరిగే యాత్రల్లో భక్తులు కొబ్బరికాయ, డబ్బు సమర్పించుకున్నారు. వేదిక మారింది, పళ్లెం మాత్రం కొత్త చేతికి వచ్చింది. 1868లో ఆస్కార్ లోర్ అనే మిషనరీ బిశ్రాంపూర్‌లో మకాం పెట్టింది ఈ సత్నామీల నడుమే. అతను నియమించిన బోధకులకు మిషను జీతమిచ్చింది. నెలజీతం తీసుకునే మత సేవకుణ్ణి ఈ ప్రాంతం తొలిసారిగా చూసినది బహుశా అప్పుడే.

క్రైస్తవంలో ఈ జీతం మాట తెలుగునాట పెద్ద చర్చే అయింది. విదేశీ డబ్బు మీద బతికే పాస్టరు ఎవరికి జవాబు చెప్పాలి? 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దీనికి పల్లె నుంచే దారి వెతికాడు. అన్నం వండే ముందు ఇల్లాలు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసేది. వారాంతానికి ఆ బియ్యం గుడికి చేరేది. మాల మాదిగ పల్లెల్లో, కూలి దొరికితేనే పొయ్యి వెలిగే ఇళ్లలో పోగైన ఆ పిడికెళ్లు తమ అయ్యగారిని తామే పోషించుకుంటున్నామన్న నిబ్బరాన్ని ఇచ్చాయి. అజరయ్య తరవాత ‘క్రిస్టియన్ గివింగ్’ అనే పుస్తకమే రాశాడు. కళ్లంలో మేర అడిగే హక్కు ఏనాడూ దక్కని వాళ్లు తమ కుండలోంచి మేర కొలిచి ఇచ్చారు. ఈ ధారావాహికలో చెప్పిన దానాలన్నిటిలో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు. కాకతీయుల రెండు ఊళ్లు కూడా రావు.

మసీదుల సంగతి 1993లో సుప్రీంకోర్టుకు వచ్చింది. అఖిల భారత ఇమామ్ సంస్థ వేసిన కేసులో, ఇమాములకు వక్ఫ్ బోర్డులు జీతమివ్వాలని కోర్టు చెప్పింది. నమాజు చదివించడం ధార్మిక సేవ, దానికి జీతమేమిటన్న వాదనను ఒప్పుకోలేదు. ఆ సేవకుడికీ కుటుంబం ఉంటుంది కదా అన్నది తీర్పు సారం.

భిలాయి దగ్గరికి తిరిగి వస్తే, పూజారుల సంపాదన గురించి అందరికన్నా లోతుగా రాసిన పండితుల్లో ఒకరు ఈ ఊరికే వచ్చి చేరడం విశేషం. ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జోనథన్ పారీ. అంతకుముందు ఆయన కాశీలో ఏళ్ల తరబడి చావు కర్మలు చేయించే మహాబ్రాహ్మలను చూశాడు. ‘డెత్ ఇన్ బనారస్’ 1994లో వచ్చింది. అక్కడ ఒక్కో రోజు సంపాదన ఒక్కో కుటుంబానిది. దాన్ని ‘పారీ’ అంటారు. ఆ వంతును పంచుకుంటారు, తాకట్టు పెడతారు, అమ్ముతారు. దానంతో పాటు దాత పాపం కూడా తమ మీదికి వస్తుందని ఆ బ్రాహ్మలు నమ్ముతారు. ఊరి మురికంతా మోసే కాలవతో తమను పోల్చుకుంటారు. అపరకర్మల బ్రాహ్మడు ఎదురొస్తే శకునం మంచిది కాదని తప్పుకునే తెలుగు ఊళ్లకు ఆ బాధ చెప్పక్కర్లేదు. దశదానాలు పుచ్చుకునే చేతికి డబ్బు ముడుతుంది, గౌరవం ముట్టదు.

జోనథన్ పారీ 1990లలో భిలాయి మీద పని మొదలుపెట్టాడు. కార్మికుల మీద ఆయన పుస్తకం ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ 2020లో వచ్చింది. పూజారుల నుంచి ఉక్కు కార్మికుల దగ్గరికి రావడం దూరపు ప్రయాణంలా కనిపిస్తుంది. కాని ఆ పుస్తకానికి వెన్నెముకలాంటి మాటలు రెండు ఈ కథకు అచ్చంగా అతుకుతాయి. భిలాయిలో జనం పనిని ‘నౌకరీ’ అని, ‘కామ్’ అని వేరు చేస్తారు. కంపెనీలో పర్మినెంటు ఉద్యోగం నౌకరీ. జీతం ఒప్పందాలు, పి.ఎఫ్., గ్రాట్యుటీ, క్వార్టరు, ఆస్పత్రి అన్నీ దానితోనే వస్తాయి. కాంట్రాక్టరు కింద రోజుకూలి కామ్. ఈ రెంటి మధ్య గీత జీతం అంకె ఒక్కదానితో తేలేది కాదు. పిల్లల చదువు, పెళ్లి సంబంధం, ముసలితనం, చావు ఖర్చు దాకా అన్నిటిలోనూ ఆ తేడా పాకుతుంది. 1980ల నడుమ అరవై వేలు దాటిన పర్మినెంటు సిబ్బంది తరవాతి మూడు దశాబ్దాల్లో సగానికి మించి తగ్గారు. నౌకరీ విలువ అంతకంతకు పెరిగింది.

మరి అర్చకుడిది ఏ వైపు? చూడ్డానికి అతనిది నౌకరీలానే ఉంటుంది. నెల మొదట్లో జీతం, గుడి వెనక గది, పొద్దున ఇంతకు తెరవాలి, రాత్రి ఇంతకు మూయాలన్న వేళలు. పక్కింటి ఫోర్‌మన్ లాగే అతనూ పంచాంగం కన్నా ముందు గోడ గడియారం చూసుకుంటాడు. కాని ప్రవాస సమితుల గుళ్లలో ఆ జీతం రావాల్సింది చందాల నుంచి, అర్చన టికెట్ల నుంచి, కల్యాణోత్సవం రశీదుల నుంచి. అదంతా సభ్యుల జేబుల్లోదే. వాళ్లు రిటైరై కాకినాడకో విశాఖకో వెళ్లిపోతే గుడి రాబడి పలచబడుతుంది. జీతం ఒప్పందం మీద సంతకం పెట్టే యూనియన్ అర్చకుడికి లేదు. అనారోగ్యం చేస్తే కంపెనీ ఆస్పత్రి కార్డు లేదు. అరవై ఏళ్లు నిండితే ఎక్కడుండాలో రాసి పెట్టిన నియమం చాలా చోట్ల ఉండదు. గుడి వెనక గది గుడిది. వచ్చే అర్చకుడికి అది కావాలి.

మాన్యం ఉన్న అర్చకుడు ఊరి పెద్దతో గొడవపడినా పొలం ఎక్కడికీ పోయేది కాదు. సమితి గుడిలో అధ్యక్షుడు మారితే అర్చకుడు కొత్త మనుషుల ముందు మళ్లీ నిలబడాలి. రంగుల ముగ్గుల పక్కన రోలింగ్ మిల్లు కార్మికుడు, అకౌంట్స్ ఆఫీసరు కూర్చుని అతని జీతం పెంచాలా వద్దా అని చర్చిస్తారు. వాళ్లలో చాలామంది భక్తితోనే మాట్లాడతారు. సెలవు రోజు గుళ్లో వడ్డన చేసి, ఎంగిలాకులు కూడా ఎత్తే మనుషులే. అయినా యజమాని, కొలువు అన్న వరస ఏర్పడిపోయింది. ఎవరి పాదాలకు దండం పెడతామో అతని జీతం మనమే నిర్ణయించడం అన్న ఇరుకు రెండు వైపులా ఉంటుంది.

అమెరికాలో 1970ల నడుమ తిరుపతి సాయంతో పిట్స్‌బర్గ్ దగ్గర వేంకటేశ్వరుడి గుడి కట్టిన తెలుగువాళ్లకూ ఇదే ఇరుకు ఎదురైంది. పిట్స్‌బర్గ్ కూడా ఉక్కు ఊరే. అక్కడ జీతంతో పాటు అర్చకుడు దేశంలో ఉండే హక్కు కూడా కమిటీ చేతిలో ఉంటుంది. 1990 నాటి వలస చట్టం మత సేవకుల కోసం తెచ్చిన ఆర్-1 వీసా, పిలిచిన సంస్థ పేరుతోనే ముడిపడుతుంది.

భిలాయి అర్చకుడికి జీతంలో కొరత తీర్చేది దక్షిణ. సత్యనారాయణ వ్రతం, కొత్త స్కూటరుకు పూజ, గృహప్రవేశం, బారసాల. గుళ్లో తెలుగువాళ్లు ‘స్వామీ’ అంటారు, బయట హిందీవాళ్లు ‘పండిత్‌జీ’ అంటారు. ఒకే ఇంట్లో వెంకటేశ్వర కల్యాణానికి తెలుగు స్వామి, కొడుకు పెళ్లికి పెళ్లికూతురి వైపు వచ్చిన హిందీ పండిత్‌జీ ఎదురెదురుగా కూర్చుని ముహూర్తం గురించి మాట్లాడుకోవడం ఈ ఊళ్లో అరుదేమీ కాదు. దక్షిణ ఎంతన్నది ఎవరూ నోటితో అడగరు. ‘మీకు తోచినంత’ అన్న పాత మాటే. తోచినంతలో ఇంటి అద్దె, పిల్లల ఫీజు, ఊరికెళ్లే రైలు టికెట్టు ఇమడాలి.

చివరికి హారతి పళ్లెం దగ్గరికి వద్దాం. 1987 చట్టం రద్దు చేసిన వాటాల్లో పళ్లెంలో పడే చిల్లర కూడా ఒకటి. ఆ చిల్లర ఎవరిదన్న దాని మీద తెలుగునాట ఎన్నో కేసులు నడిచాయి. భిలాయి లాంటి సమితి గుళ్లకు ఆ చట్టం వర్తించదు. పళ్లెంలో పడింది స్వామిది, హుండీలో పడింది గుడిదన్న మౌన ఒప్పందంతో చాలా చోట్ల పని నడిచింది. ఇప్పుడు హుండీ పక్కనే క్యూఆర్ కోడ్ అట్ట ఉంటుంది. హారతి కళ్లకద్దుకున్న భక్తుడు జేబు తడుముకుంటాడు. చిల్లర ఉండదు. ఫోన్ తీసి అట్ట వైపు చూపిస్తాడు. టింగుమని శబ్దం వస్తుంది. డబ్బు సమితి ఖాతాలో పడుతుంది. అర్చకుడు తీర్థం ఇచ్చి, శఠగోపం పెట్టి, పసుపు కుంకుమ తప్ప మరేమీ లేని పళ్లాన్ని తీసుకుని తరవాతి మనిషి దగ్గరికి జరుగుతాడు.

(వచ్చే సంచికలో: తిరుమల గమేకార్లు – లడ్డూ వంతుల కథ)